విద్యార్జనమున కాలపాదము: పశ్చిమ ప్రకాశ ప్రాంతపు బాలబాలికల చదువును గూర్చి ఒక కారణవిచారము

విషయప్రవేశము

ఒకే గురువునొద్ద, ఒకే గదిలో, ఒకే పుస్తకమును చదువు బాలురలో కొందరు ముందునకు సాగుటకును, కొందరు వెనుకబడుటకును హేతువేమి? ఈ ప్రశ్న నేటి విద్యాశాస్త్రజ్ఞులకు మాత్రమే తోచినది కాదు. మన పూర్వులును దీనిని విచారించియున్నారు. శిష్యునకు విద్య నాలుగు పాదములుగా లభించునని, అందొక పాదము గురువు వలన, ఒక పాదము స్వబుద్ధి వలన, ఒక పాదము సహాధ్యాయుల వలన, మిగిలిన పాదము కాలక్రమమున సిద్ధించునని పెద్దలు చెప్పిన మాట పాఠశాలలో అమరము వల్లించిన వారెల్లరు ఎరిగినదే. దీనిని నీతివాక్యముగా తలచి విడిచిపెట్టుట మనకు అలవాటు. అట్లుగాక దీనినొక పరిశోధనసూత్రముగా గైకొని, మన సమీపముననున్న ఒక సీమకు అన్వయించి చూచినచో ఏమి తేలునో పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దిష్టము.

పరిశీలనకు గైకొన్నది పశ్చిమ ప్రకాశమని వాడుకలో నున్న ప్రాంతము. మార్కాపురము, గిద్దలూరు, కంభము, ఎర్రగొండపాలెము, వానికి తూర్పున పొదిలి, కనిగిరి చుట్టుపట్టులును ఇందు చేరును. ఇచటి బడులను గూర్చి మాటాడు వారు గురువులను గూర్చియో, బాలుర తెలివిని గూర్చియో, ఇంటి పరిస్థితులను గూర్చియో చెప్పుదురు. నాల్గవదైన కాలపాదమును గూర్చి చెప్పువారు అరుదు. ఈ సీమలో ప్రధానముగా కుంటుపడుచున్నది ఆ నాల్గవ పాదమే యనియు, తక్కిన మూడింట కనబడు లోపములలో పెక్కు దానినుండియే పుట్టుచున్నవనియు నా ప్రతిపాదన.

కారణము, అన్యథాసిద్ధము, ప్రతిబంధకము

విద్యార్థుల ప్రగతిని ప్రభావితము చేయు అంశములను గూర్చిన వ్యాసములలో సాధారణముగా ఒక పట్టిక కనబడును. తల్లిదండ్రుల చదువు, ఆదాయము, బడి కట్టడము, ఉపాధ్యాయుని అర్హత, బోధనభాష, ఆరోగ్యము అని పది పదునైదు అంశములు వరుసగా పేర్కొనబడును. పట్టికలో తప్పు లేదు. కాని అందేది సాక్షాత్తుగా ఫలమును కలిగించునది, ఏది కేవలము దాని వెంట కనబడునది అను వివేచనము ఉండదు. ఆ వివేచనకు తర్కశాస్త్రము మనకు చక్కని సాధనము నొసగియున్నది.

ఘటమునకు మన్ను, దండము, చక్రము, కులాలుడు కారణములు. మన్ను మోసి తెచ్చిన గాడిదయు ఘటమునకు పూర్వమున్నదే. కులాలుని తండ్రియు పూర్వమున్నవాడే. అయినను వారిని కారణములనక అన్యథాసిద్ధులందుము. ఇక ప్రతిబంధకము వేరొక విషయము. నిప్పున్నది, కట్టె యున్నది, అయినను మణిసన్నిధిని దాహము కలుగదని శాస్త్రములలో ప్రసిద్ధమైన ఉదాహరణము. దీనికై మీమాంసకులు శక్తి యను ప్రత్యేక పదార్థమును అంగీకరింతురు. నైయాయికులు ప్రతిబంధకాభావమునే కారణసామగ్రిలో చేర్తురు. మన ప్రకృతవిషయమునకు నైయాయికుల మార్గమే ఉపకరించును. బాలుడు చదువలేకున్నచో వానియందు శక్తి లేదని నిర్ణయించుటకు ముందు ప్రతిబంధకమేదైన ఉన్నదా యని చూడవలెను.

కాలమును శాస్త్రకారులు కార్యమాత్రమునకు సాధారణకారణముగా చెప్పిరి. సాధారణకారణము గనుకనే అది మన దృష్టికి రాదు. అది అందరికి సమానముగా ఉన్నదని అనుకొందుము. పశ్చిమ ప్రకాశమున అది అందరికి సమానముగా లేదు.

దేశస్వరూపము

కంభము, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి విడిచిన దత్తమండలములలోనివి. ఆ తరువాత చిరకాలము కర్నూలు జిల్లాలో ఉండి, 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు అందు చేరినవి. కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లానుండి వచ్చినవి. ఆ జిల్లాకే 1972లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడినది. ఇట్లు పేరునకు కోస్తా జిల్లాలో చేరినను, నేలను బట్టియు వానను బట్టియు ఈ సీమ రాయలసీమకు తోబుట్టువు.

పడమట నల్లమల, దాని నంటి వెలిగొండలు. ఆ కొండలనుండి వచ్చు గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగర కాలమున కట్టబడిన కంభము చెరువు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముగా గుర్తింపు పొందినది. అంతటి చెరువు గల సీమలోనే పెక్కు గ్రామములకు వాన తప్ప వేరు దిక్కు లేదు. కృష్ణాజలములను కొండ తొలిచి తెచ్చు వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. నాడు ఒకటవ తరగతిలో చేరిన బాలుని బిడ్డలు నేడు బడి యీడు వారైయుందురు. భూగర్భజలమున ఫ్లోరైడు అధికముగా ఉండుట కనిగిరి మొదలు పలు మండలములకు తరతరముల పీడ. 2011 జనగణనలో నాటి ప్రకాశము జిల్లా అక్షరాస్యత సుమారు 63 శాతము. ఒక తరము తల్లిదండ్రులలో ఎందరు చదువు లేనివారో దీనిని బట్టి ఊహింపవచ్చును.

గురుపాదము

మొదటి పాదము గురువు. తండ్రి ధనమును బట్టియే బాలుని చదువు నిర్ణయమగునా, లేక బడికిని గురువునకును వేరు బలము కలదా అని పాశ్చాత్యులు చాల పరిశోధించిరి. హేనిమన్, లాక్స్‌లీ అను ఇరువురు 29 దేశముల సమాచారమును పోల్చి 1983లో ఒక విషయమును ప్రకటించిరి. ధనికదేశములకంటె బీదదేశములలో బడియొక్కయు గురువుయొక్కయు ప్రభావము అధికమని వారి నిర్ణయము. తరువాతి పరిశోధకులు కొందరు దీనిని సంశయించిరి. అయినను ఇంట పుస్తకము లేని బాలునకు గురువే పుస్తకమగునన్న మాట మన అనుభవమునకు విరుద్ధము కాదు.

మన రాష్ట్రముననే 2005 నుండి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గారలు పెద్ద ఎత్తున ఒక పరిశీలన నడిపిరి. విద్యార్థుల అభివృద్ధిని బట్టి ఉపాధ్యాయులకు అదనపు పారితోషికము నిచ్చిన గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలలో గణితమునందును భాషయందును బాలురు మేలైన ఫలితములను చూపిరి. ఇందు మనము గమనింపదగినది పారితోషికము కాదు. ఆ ఉపాధ్యాయులు ఇతరులకంటె ఎక్కువ దినములు బడికి వచ్చినట్లు తేలలేదు. వచ్చిన దినములలో అదనపు అభ్యాసము నిచ్చుట, బడివేళ దాటిన పిదపను పాఠము చెప్పుట, వెనుకబడిన వారిని ప్రత్యేకముగా చూచుట మొదలగునవి చేసిరని తేలినది. అనగా గురువు ఇచ్చినది కాలమే. గురుపాదమని మనము పిలుచుచున్నదానిలో సగము కాలపాదమునకే చెందినదని చెప్పవచ్చును.

మేధాపాదము

రెండవది స్వబుద్ధి. దీనిని జన్మసిద్ధమని తలచి ఊరకుండుట తగదు. మేధకు శరీరమే ఆశ్రయము. ఆకలిగొన్న బాలునకు ధారణ నిలువదు. దేశమంతట ప్రాథమిక పాఠశాలలలో వండిన అన్నము పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించెను. మన రాష్ట్రమున 2003 జనవరిలో ఆ పథకము ఆరంభమాయెను. పేర్లు ప్రభుత్వములతో మారినను అన్నము మారలేదు. కరవుసీమలో మధ్యాహ్నపు అన్నము బాలుని బడికి రప్పించుటయే గాక, మధ్యాహ్నము పిదప వాని బుద్ధిని నిలుపుచున్నది.

నీటి విషయము మరింత తీవ్రమైనది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణము. మించిన నీటిని చిన్ననాటినుండి త్రాగిన బాలునకు తొలుత పండ్లపై గోధుమవర్ణపు చారలు కనబడును. పెక్కేండ్లు త్రాగిన వారికి కీళ్లు, ఎముకలు బిగిసికొనును. నేలపై కూర్చుండి గంటలకొలది వ్రాయలేనివానిని, నొప్పిచేత కదలుచుండువానిని మందబుద్ధి యనియో, సోమరి యనియో అనుట అన్యాయము. ఇది బుద్ధిలోపము కాదు, ప్రతిబంధకము. మణిని తొలగించిన నిప్పు మండును. మంచినీటి కుళాయి ఇట్టి ఊర బడికి గోడవలె, పైకప్పువలె అవసరమైన సాధనము.

ఇక మేధకు సంబంధించినదే భాషావిషయము. అర్థమెరుగని అధ్యయనమును యాస్కుడు నిందించెను. అర్థజ్ఞానము లేనివానిని పాణినీయశిక్ష అధమపాఠకులలో చేర్చినది. వేదాధ్యయనమునకే ఇట్టి నియమమున్నపుడు ఏడేండ్ల బాలుడు చదువు వాచకమునకు లేకుండునా? ఇచటి తండాలలో లంబాడీ, కంభము మొదలగు పట్టణములలో ఉర్దూ ఇంటి భాషలు. నల్లమల గూడెములలోని చెంచులది తమదైన యాసగల తెలుగు. ఈ పిల్లలకు వాచకపు తెలుగే కొంత దూరము. వారు దానిని అందుకొనకముందే మరొక భాషలో గణితమును, విజ్ఞానమును వల్లె వేయించినచో కంఠము పనిచేయును గాని బుద్ధి పనిచేయదు.

సహాధ్యాయిపాదము

మూడవది సహాధ్యాయులు. దీనిని మన వారు అంత ప్రాధాన్యముతో ఏల లెక్కించిరి? 1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ ఆధ్వర్యమున దాదాపు నాలుగువేల పాఠశాలలలో, ఆరు లక్షలమంది విద్యార్థులను పరిశీలించి ఒక నివేదిక వెలువడినది. కట్టడములు, పరికరములు మొదలగు వాని భేదముకంటె ఇంటి పరిస్థితియు, తోడి విద్యార్థులెట్టివారన్న విషయమును ఎక్కువ ప్రభావము చూపునని దాని సారాంశము. దానికి ఎన్నో శతాబ్దుల పూర్వమే ఒక పాదమును సహాధ్యాయులకు కేటాయించిన మన పెద్దల దృష్టిని ఇచట స్మరింపవచ్చును.

మన వీధిబడులలో ఇది కేవల సిద్ధాంతము కాదు, ఆచరణము. దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో మద్రాసు గవర్నరైన పిమ్మట 1822లో దేశీయ పాఠశాలల లెక్కలు అడిగెను. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో తెలుగు, కన్నడ బడుల నడవడి వివరముగా వర్ణింపబడినది. పెద్ద తరగతివారికి గురువు చెప్పుట, చిన్నవారికి ముందున్న శిష్యులు చెప్పుట, వేకువనే ముందు వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుట మొదలగునవి అందు కలవు. మన వారు శ్రీ చుక్క యని పిలిచిన ఆచారమిదే. శిష్యులచేత శిష్యులకు చెప్పించు ఈ పద్ధతినే ఆండ్రూ బెల్ మద్రాసులో చూచి ఇంగ్లండునకు కొనిపోయి ప్రచారము చేసెను.

అయితే సహాధ్యాయి వలన ఫలము కలుగుటకు ఒక నియమమున్నది. ఇరువురును కలిసి నడువవలెను. నిన్నటి పాఠమును తోడివాడు చదివి, తాను చదువనిచో, ఆ తోడివాడు సహాయుడు గాక సిగ్గునకు హేతువగును. బడి మానిన పిల్లలలో పెక్కుమందిని వెనుకకు లాగునది పాఠపు కాఠిన్యముకంటె ఈ సిగ్గే. ఇచట సహాధ్యాయిపాదమును కాలపాదమే పాడుచేయుచున్నది.

కాలపాదము

నాల్గవ పాదమునకు వచ్చితిమి. కాలక్రమమున విద్య సిద్ధించుననగా వయసు మీరిన కొలది తెలివి వచ్చునని అర్థము కాదు. విన్నది మననము చేయుటకు, వల్లించుటకు, ఇతరులకు చెప్పుటకు, వ్యవహారమున పెట్టుటకు వలయు అవిచ్ఛిన్నమైన కాలమని అర్థము. పతంజలి మహాభాష్యారంభమున ఆగమము, స్వాధ్యాయము, ప్రవచనము, వ్యవహారము అని విద్యకు నాలుగు కాలములను చెప్పియున్నాడు. బడిలో వినుట వీనిలో మొదటిది మాత్రమే.

అధ్యయనకాలమును శాస్త్రములు ఎంత జాగ్రత్తగా కాపాడినవో అనధ్యాయ నియమములను చూచిన తెలియును. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పర్వదినములలో పాఠము లేదు. పైకి ఇది పాఠమునకు విఘ్నముగా కనబడును. కాని ఆ దినములు ముందుగా తెలిసినవి. గురువునకు, శిష్యులందరకు అవి సమానము. అందరును ఒక్కచో ఆగి, అందరును ఒక్కచోటనే తిరిగి మొదలుపెట్టుదురు. మానిన దినమున పాత పాఠమును చింతన చేయుట పాఠశాలలలో ఆచారము. అందుచే ఆ అనధ్యాయము విద్యకు హాని కాక పుష్టియే అగుచుండెను.

పశ్చిమ ప్రకాశపు బాలునకు వచ్చు అనధ్యాయము ఇట్టిది కాదు. అది వాని యొక్కనికే వచ్చును. వాడు లేనిదే పాఠము సాగిపోవును. వాడు తిరిగి వచ్చునప్పటికి వానికొరకు ఆగియున్న పాఠమేదియు లేదు. సాధారణానధ్యాయము, ఏకాంతానధ్యాయము అని వీనికి పేర్లు పెట్టుకొందము. మొదటిది విద్యకు అంగము, రెండవది విద్యకు శత్రువు.

ఈ ఏకాంతానధ్యాయమునకు ఇచట మూడు ముఖ్యహేతువులు. మొదటిది వలస. వాన లేని యేడు, ఉన్న యేట పంట ఇంటికి చేరిన పిదపను, కూలి కుటుంబములు గుంటూరు సీమకు మిరపకోతలకు పోవుదురు. కొందరు హైదరాబాదు, బెంగుళూరు నగరములకు కట్టడపు పనులకు పోవుదురు. ఇంట ముసలివారు లేనిచో పిల్లలును వెంట పోవలసినదే. మిరపకోతలు ముమ్మరముగా సాగునది జనవరినుండి వేసవి మొగము వరకు. బడిలో పాఠములు ముగిసి పునశ్చరణము జరుగునదియు, పదవ తరగతి పరీక్షలు వచ్చునదియు ఆ కాలముననే.

2009 నాటి విద్యాహక్కు చట్టము 1 నుండి 5 తరగతులకు ఏడాదికి 200, 6 నుండి 8 తరగతులకు 220 పనిదినములు కనీసముగా నిర్ణయించినది. నెలకు ఇరువది యొక్క పనిదినముల చొప్పున లెక్కించిన, మూడు నెలలు వలస పోయినవానికి 63 దినములు పోవును. చిన్న తరగతులలో ఇది నూటికి ముప్పదికి పైబడును, పై తరగతులలో నూటికి ఇరువది యెనిమిదికి పైబడును. పాదమనగా నాల్గవ వంతు. వలస బాలుడు ఏటేట అక్షరాల ఒక పాదముకంటె ఎక్కువ కోల్పోవుచున్నాడు. ఎనిమిదేండ్లు ఇట్లే జరిగినచో రెండేండ్లకు మించిన చదువు వానికి లేదు. ఎనిమిదవ తరగతి గదిలో కూర్చున్న అట్టి బాలుడు ఆరవ తరగతి వాచకమును తడబడుచు చదివినచో మనము వానిని నిందింతుము. లెక్క ప్రకారము వాడు తనకు లభించిన కాలమునకు తగినంతయే చదివియున్నాడు.

రెండవ హేతువు పని. ఇందు మార్కాపురపు పలకల కథ మనము మరువరానిది. ఇచటి నల్లరాతిని పొరలు పొరలుగా చీల్చి, కోసి, నునుపుచేసి, చెక్కచట్రము బిగించి చేసిన పలకలు దేశమున నలుమూలల బడులకు పోయినవి. ఓనమాలు దిద్దిన పలకపై మార్కాపురము పేరుండుట ఒక కాలమున తెలుగువారి యింట సామాన్యము. ఆ పలకల పనిలో బాలకార్మికులు ఎందరుండిరనగా, 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానము ననుసరించి 1988లో దేశమున తొలివిడతగా ఎన్నుకొన్న కొద్ది చోటులలో శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమ, ఫిరోజాబాదు గాజు పరిశ్రమలతో పాటు మార్కాపురపు పలకల పరిశ్రమయు ఒకటి. ఇతరుల బిడ్డలు అక్షరము దిద్దుటకై తామక్షరము మానిన బిడ్డలు వారు. వారికి రాతిని పొరగా చీల్చు నేర్పున్నది, ధారణ యున్నది, కనుచూపు సూటి యున్నది. అనగా మేధ యున్నది. లేనిది కాలము. ఆ పథకము క్రింద ప్రత్యేక పాఠశాలలు వెలసినవి. రాతిపలకల వాడుక తగ్గుటచే ఆ పని రూపు మారినది. కాని పిల్లల కాలమును మ్రింగు పనులు పూర్తిగా తొలగలేదు. మేకలు కాచుట, నీరు మోయుట, చిన్న బిడ్డలను సాకుట పని క్రింద ఎవరును లెక్కింపరు.

క్యాంబెల్ నివేదికలోని మరియొక భాగమిచట స్మరింపదగినది. దాదాపు పదిలక్షల జనముగల బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు మాత్రమే ఉండుటకు ఆయన చూపిన ప్రధానహేతువు జనుల దారిద్ర్యము. పిల్లలు చిన్నపాటి పనికి పనికివచ్చినంతనే ఇంటి అక్కర వారిని పనిలోనికి లాగుచున్నదని ఆయన భావము. బడులకు నేడు కొదవ లేదు. రెండు శతాబ్దములు గడచినను ఆ అక్కర మాత్రము కరవుసీమను విడువలేదు.

మూడవది బాలికలకు ప్రత్యేకమైనది. నీళ్ల బిందె మొదట పడునది ఆడపిల్ల తలమీదనే. పిదప పెండ్లి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణ ప్రకారము మన రాష్ట్రమున 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పైగా పదునెనిమిదేండ్లకు ముందే వివాహితలు. వలసపోవు తల్లిదండ్రులు ఎదిగిన పిల్లను ఇంట ఒంటరిగా విడువలేక పెండ్లి చేసి పంపుటయు దీనికొక కారణము. ఇట్లు వలస ఒక అనధ్యాయమునే గాక, శాశ్వతానధ్యాయమును గూడ కల్పించుచున్నది.

కాలపాదమే ప్రధానమనుటకు దేశమంతటికి కలిగిన ఒక అనుభవము సాక్ష్యము. 2020 మార్చిలో మహమ్మారి కారణముగ బడులు మూతపడినవి. 2021 ఆగస్టు వరకు మధ్యలో కొంతకాలము తెరచినను చదువు సరిగ సాగలేదు. ప్రథమ్ సంస్థవారి అసర్ నివేదికల ప్రకారము గ్రామీణ భారతమున మూడవ తరగతిలో ఉండి రెండవ తరగతి వాచకమును చదువగలవారు 2018లో నూటికి 27.3 కాగా, 2022లో 20.5కు దిగిరి. 2024కు తిరిగి 27.1కి వచ్చిరి. ఈ ఆరేండ్లలో బాలుర వంశము మారలేదు, మేధ మారలేదు. కాలము పోగా ఫలము పోయినది, కాలము రాగా ఫలము వచ్చినది. అన్వయవ్యతిరేకములు రెండును ఇచట స్పష్టముగా కనబడుచున్నవి.

పూర్వపక్ష సమాధానము

ఇచట ఒక పూర్వపక్షము. తల్లిదండ్రులు చదువురానివారైన పిల్లలు చదువరు గదా, కావున కుటుంబమే కారణము, బడి ఏమి చేయగలదు అని పెక్కుమంది ఉపాధ్యాయులు చెప్పుదురు. దీనికి సమాధానము. తండ్రి నిరక్షరాస్యత సాక్షాత్కారణమైనచో, అట్టి తండ్రుల బిడ్డలు ఎచటను చదువరాదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో ఆరంభమైన గురుకుల పాఠశాల మొదలుకొని మన రాష్ట్రములలోని గురుకులములలో అట్టి బిడ్డలు ఎందరో ఉన్నతస్థితికి వచ్చిరి. గురుకులములలో చేరువారు ఎంపికైనవారు గదా యని యందురేని, ఎంపిక వలన మేధ యున్నదని మాత్రమే సిద్ధించును. ఆ మేధ చదువురాని ఇంటనే పుట్టినదని మరువరాదు. గురుకులము ఇచ్చినది అన్నము, సహాధ్యాయులు, విచ్ఛేదము లేని కాలము. కావున తండ్రి చదువు, కులము, ఇంటిపేరు కులాలుని తండ్రివంటివి. కార్యమునకు ముందు కనబడును గాని, కార్యమును కలిగించునవి కావు.

మరియొక పూర్వపక్షము. ప్రైవేటు బడికి పంపినచో చాలును గదా? ఇదియు మన రాష్ట్రముననే పరిశీలింపబడినది. పైని పేర్కొన్న పరిశోధకులే గ్రామములలో లాటరీ ద్వారా ఎన్నికైన పిల్లలను ప్రైవేటు బడులకు పంపి, నాలుగేండ్ల పిదప పోల్చి చూచిరి. తెలుగులో, గణితములో భేదము కనబడలేదు. హిందీలో మాత్రము ప్రైవేటు బడుల పిల్లలు ముందుండిరి. ఆ బడులు తెలుగునకు, గణితమునకు తక్కువ కాలమిచ్చి, హిందీ మొదలగు వానికి ఎక్కువ కాలమిచ్చినవి. తక్కువ కాలములో సమానఫలము సాధించుట ఆ బడుల నేర్పుగా ఒప్పుకొనవలసినదే. అయినను కాలము పెట్టిన చోటనే ఆధిక్యము కనబడినదనుట గమనింపవలెను.

కర్తవ్యము

వానను రప్పించుట, వలసను మాన్పుట ఉపాధ్యాయుని చేతిలో లేదు. కాని ఏకాంతానధ్యాయమును సాధారణానధ్యాయముగా మార్చుట కొంతవరకు వాని చేతిలో ఉన్నది. ప్రాచ్య కళాశాలలనుండి వెలువడిన పండితులే ఈ సీమ ఉన్నత పాఠశాలలలో తెలుగు, సంస్కృతములు చెప్పుచున్నారు గనుక వారికొరకు నాలుగు మాటలు.

మొదటిది, హాజరు పట్టికను క్రొత్త దృష్టితో చదువుట. ఏ బాలుడు ఏ నెలలో మానెను, ఏ పాఠమునుండి ఏ పాఠమువరకు వానికి పోయినది అను వివరము ఒక పుటలో వ్రాసియుంచిన చాలును. వైద్యునకు నాడివలె అది ఉపాధ్యాయునకు ఉపకరించును. రెండవది, తిరిగి వచ్చినవానికి పునఃప్రవేశ పాఠము. విద్యాహక్కు చట్టపు నాల్గవ విభాగము, బడికి దూరమైన బాలుని వయసునకు తగిన తరగతిలో చేర్చి, తోడివారితో సమానము చేయుటకు ప్రత్యేక శిక్షణ నీయవలెనని చెప్పుచున్నది. 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ వారు పనినుండి విడిపించిన పిల్లలకు శిబిరములలో చదువు చెప్పి వయసునకు తగిన తరగతులలో చేర్చి, ఇది సాధ్యమని నిరూపించిరి.

మూడవది, సహాధ్యాయిపాదమును తిరిగి నిలుపుట. వచ్చినవానిని ఒంటరిగా వెనుక బల్లపై కూర్చుండబెట్టక, చదివిన వానితో జతచేసి పాఠము చెప్పించుట మన వీధిబడుల పాతపద్ధతియే. దీనివలన చెప్పువానికి ప్రవచనకాలము, వినువానికి ఆగమకాలము లభించును. నాల్గవది, పిల్లను ఊరనుండి కదలకుండ ఉంచుట. వలసకాలమున పిల్లలు ఊరనే నిలిచి చదువుటకు ఉద్దేశింపబడిన తాత్కాలిక వసతిగృహములును, 2004లో ఆరంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములును ఇందులకై ఏర్పడినవే. జనవరి వచ్చిన పిదప కాక, దసరా నాటికే తల్లిదండ్రులతో మాటాడి పేర్లు వ్రాయించినచో అవి సార్థకమగును.

ఇవి చిన్న పనులు. కాని నాలుగు పాదములలో గురువు చేయి చేరగలిగినవి ఇవియే. సంస్కృతాంధ్రములను పోషించు మన కళాశాలలకు రావలసిన విద్యార్థి నేడు ఏదో మిరపచేనిలో తల్లి ప్రక్కన బుట్ట పట్టుకొనియుండవచ్చును. వానికి మేధ లేదని మనము వ్రాసిన ప్రతి ప్రగతిపత్రమును ఈ దృష్టితో మరియొకసారి చూడవలెను. మేధను కొలుచుటకు ముందు వానికి లభించిన దినములను లెక్కించుట న్యాయము. ఆ లెక్క ఉపాధ్యాయుని బల్లపైనున్న హాజరు పట్టికలోనే ఉన్నది.